రాతిగోడల మీద తెల్ల ద్రాక్ష

మనరోలా, ఇటలీ



బావా, ఇక్కడి తెల్ల వైన్ ఒక సీసా సూరత్‌లోని మీ వడోద్‌కు పంపుదామనుకున్నాను. కానీ గుజరాత్‌లో 1960లో రాష్ట్రం ఏర్పడిన నాటి నుంచీ మద్యనిషేధమే. పుచ్చుకున్న పాపానికి మీరు పోలీసుస్టేషను మెట్లెక్కాలి. అందుకే సరుకు మానేసి కబురు పంపుతున్నాను.

జెనోవా నుంచి ఒడ్డు వెంబడి రైల్లో వస్తుంటే సొరంగం, సముద్రం, మళ్లీ సొరంగం. ఆ మధ్యలో కొండ అంచుకు అతుక్కున్న ఐదు ఊళ్లు: మోంతెరోస్సో, వెర్నాత్సా, కోర్నీలియా, మనరోలా, రియోమజ్జోరే. అన్నీ కలిపి చింక్వె తెర్రె. ఊరి వెనకే కొండ నిటారుగా లేస్తుంది. నాగలి కట్టేంత చదును ఎక్కడా లేదు. అయినా ద్రాక్ష పండిస్తున్నారు!

ఎలాగంటారా? వందల ఏళ్లుగా ఇక్కడి రైతులు కొండను మెట్లుమెట్లుగా తొలిచి, మెట్టుకో రాతిగోడ కట్టి, గోడ వెనక మట్టి నింపి చేలు చేసుకున్నారు. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చడమే. వాన నీళ్లు ఆ సందుల్లోంచి జారిపోవాలి. లేకపోతే వెనక నిలిచిన నీళ్లే గోడను తోసేస్తాయి. ఆ గోడలన్నీ వరసన పెడితే ఆరు వేల కిలోమీటర్లు దాటుతాయని ఇక్కడ లెక్క చెబుతారు. 1997లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

నేను చూసిన తోట ఒక కుటుంబానిది. ఎకరం కూడా ఉండదు. అదీ ఒక్కచోట లేదు, తాత వాటా ఒక మెట్టు మీద, అత్తింటి వాటా ఇంకో మెట్టు మీద. సముద్రపు గాలికి తట్టుకోవాలని పందిళ్లు బాగా కిందికి కడతారు. కాయ కోయాలంటే నడుం వంచి లోపలికి దూరాల్సిందే. పూర్వం ఆడవాళ్లు గంపలు నెత్తిన పెట్టుకుని దించేవారట. ఇప్పుడు ఒంటిపట్టా మీద పళ్లచక్రంతో పాకే చిన్న బండి ఉంది. అది లోయలోకి దిగుతుంటే చూసేవాళ్లకే కళ్లు తిరుగుతాయి.

బోస్కో, అల్బరోలా, వెర్మెంతీనో అనే మూడు రకాల ద్రాక్షతో ఈ వైన్ చేస్తారు. పొద్దున తియ్యగా దిగిన నీరా ఎండెక్కేసరికి కల్లయినట్టే, ఈ రసంలోనూ ఈస్టు చక్కెరను తినేస్తుంది. వీళ్లు దాన్ని పూర్తిగా తిననిస్తారు గనక తీపి మిగలదు. లేత గడ్డిరంగు, పుల్లటి చురుకు, చివర నాలుకకు కాస్త ఉప్పదనం. మోంతెరోస్సో ఉప్పు నెత్తళ్లకు ఇది సరైన జోడీ. తీపి కావాలంటే అదే ద్రాక్షను నవంబరు దాకా నీడన ఆరబెట్టి షక్కెత్రా చేస్తారు. అది పెళ్లిళ్లకూ పండుగలకూ దాచుకునేది.

అయితే బావా, ఈ తోటలు తరిగిపోతున్నాయి. 1869లో పక్కనే లా స్పేత్సియాలో నౌకాదళ కర్మాగారం తెరిచారు. తర్వాత రైలొచ్చింది. కుర్రాళ్లు నెలజీతాలకు వెళ్లిపోయారు. ఒకప్పుడు వెయ్యి హెక్టార్లు దాటిన ద్రాక్ష ఇప్పుడు వంద హెక్టార్ల చుట్టుపక్కలే. గుంటమగ్గం వదిలి సూరత్ మరమగ్గాల మీదికి వచ్చిన మీకు ఈ కథ నేను చెప్పాలా? తేడా ఒక్కటే. వదిలేసిన మగ్గం మూలన పడి ఉంటుంది. వదిలేసిన గోడ ఊరుకోదు. ఒక రాయి జారితే నీళ్లు దారి మార్చుకుంటాయి, ఆ వెనకే మట్టి కదులుతుంది. 2011 అక్టోబరు 25న కుండపోత వానకు కొండ బురదై వెర్నాత్సా, మోంతెరోస్సో వీధుల్ని ముంచేసింది. మనుషులూ పోయారు. సాగు ఆగి ఎంతోకాలం కాని మెట్లే ఎక్కువగా జారాయని తర్వాత పరిశీలించినవాళ్లు తేల్చారు.

సీసా ధర మొదట నాకు దండగ అనిపించింది. గోడలు చూశాక ఆ మాట అనలేకపోతున్నాను. తోట గిట్టుబాటైతేనే గోడకు మనిషి దొరుకుతాడు. గోడ నిలిస్తేనే కింద ఊరుంటుంది.

ఈ రాతి పేర్పు విద్యను 2018లో యునెస్కో విడిగానూ గుర్తించింది. 2019లో మనరోలాలో పాడుబడ్డ గోడల్ని మళ్లీ కట్టడం, ఆ పనిని కొత్తవాళ్లకు నేర్పడం మొదలుపెట్టారు. వాళ్లలో బతుకుతెరువుకు పరదేశాల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఊరివాళ్లు విడిచిన పనిని పరాయి ఊరివాళ్లు అందుకుంటున్నారన్నమాట. సూరత్ బట్టకు మీరెంత ముఖ్యమో, రేపు ఈ వైన్‌కు వాళ్లంత ముఖ్యం. కాకపోతే సీసా మీద వాళ్ల పేరుండదు, మీ చీరల మీద మీ పేరు లేనట్టే.

అక్కకు, పిల్లలకు నా మాటగా చెప్పండి. ఉంటాను.