పెన్సిల్ పట్టించే ఉద్యోగం

సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగితే నా ఉద్యోగం గురించే రాస్తానన్నాను. మన హాస్టల్ తమ్ముళ్ళకు నర్సింగ్ తెలుసు, ఫార్మసీ తెలుసు. ఆక్యుపేషనల్ థెరపీ పేరు చాలామంది విననే లేదు.

తెలుగులో వృత్తి చికిత్స అంటారు. ఆ మాట వింటే ఏ కుట్టుపనో నేర్పిస్తామనుకుంటారు. అరసవల్లిలో మా పిన్ని అయితే నన్ను 'ఎక్సర్‌సైజుల మేష్టారు' అనేసింది! నిజానికి మనిషి రోజూ చేసుకునే పనులన్నీ ఇందులోకి వస్తాయి. అన్నం కలుపుకోవడం, గుండీ పెట్టుకోవడం, బడి పిల్లలకైతే కుదురుగా కూర్చుని రాయడం.

హాస్టల్లో నా పక్క ట్రంకుపెట్టె తమ్ముడికి చేతులు వణికేవి. కంచం జారిపోయేది. మా కమాటి ఆ కంచం కింద తడిగుడ్డ మడిచి వేశాడు. ఇక జారలేదు. అది కూడా థెరపీయేనని నాకు ఓలట్‌పూర్ వెళ్ళాక తెలిసింది.

ఓలట్‌పూర్ ఒడిశాలో, కటక్ దగ్గర. అక్కడ కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ ఉంది. ఆమదాలవలసలో రైలెక్కితే మనకు విజయవాడ కన్నా కటకే దగ్గర. నేను 2008లో చేరాను. నాలుగేళ్ళ చదువు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్. ఇంట్లోవాళ్ళు టీటీసీ చెయ్యమని పోరారు. మన దేశంలో ఈ చదువును 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ గారు ప్రారంభించారని మొదటి వారంలోనే చెప్పారు.

ఇప్పుడు బడులకు తిరుగుతాను. ఒక బడిలో మూడో తరగతి బాబు రాయడం లేదని వెనక బల్లకు పంపేశారు. "మా గుంటడు పెన్సిలు పట్టనేడు బాబూ, రథసప్తమికి మొక్కుకున్నాను" అంది తల్లి. చూస్తే వాడి కాళ్ళు నేలకు అందడం లేదు. వేళ్ళలో పట్టు లేదు. కాళ్ళ కింద రెండిటుకలు పెట్టించాను, పెన్సిలుకు గుడ్డపీలిక చుట్టాను, రోజూ చపాతీ పిండి పిసికించమని తల్లికి చెప్పాను. మూడు నెలలకు రెండు లైన్లు రాశాడు. మొక్కు తీర్చుకున్నామని ఆవిడ నాకు ప్రసాదం తెచ్చింది.

1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టంలో అవి 21 అయ్యాయి. చదవడం, రాయడంలో వచ్చే ఇబ్బందినీ చేర్చారు. తగిన సదుపాయం కల్పించడం బడి బాధ్యత అన్నారు. బాగానే ఉంది, కానీ బల్ల ఎత్తు చూసే మనిషి బడికి రావాలి కదా! మండలాల్లోని భవిత కేంద్రాలకు ఫిజియోథెరపిస్టులు వస్తున్నారు. మా చదువు చదివినవాళ్ళు మాత్రం మన వైపు నాకు అరుదుగా కనిపించారు. జీతం గొప్పగా ఉంటుందని చెప్పను. నాది కాంట్రాక్టు ఉద్యోగమే.

ఇంటర్ బైపీసీ వాళ్ళు ఆలోచించండి. రిజర్వేషన్లున్నాయి. ప్రవేశ పరీక్ష వివరాలు ఆ ఏడాది నోటిఫికేషన్లో చూసుకోవాలి. దరఖాస్తు నింపడం తెలియకపోతే సంక్రాంతికీ, రథసప్తమికీ నేను అరసవల్లిలోనే ఉంటాను, రండి.