మారు వద్దనడం నేర్పే గది

ఆసుపత్రి మూడో అంతస్తులో, ఫిజియోథెరపీ గదికి ఎదురుగా ఉన్న హాల్లో ఇరవై దాకా కుర్చీలు గుండ్రంగా వేసున్నాయి. అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. "చూశావా, చేతుల్లేని కుర్చీలు వేశారు" అంది మెల్లగా.

అందులో విశేషమేమిటో నాకు వెంటనే తట్టలేదు. తట్టాక సిగ్గేసింది. ఏ పెళ్లికెళ్లినా మా అక్క ముందుగా చూసేది కుర్చీలనే. చేతులున్నవైతే కూర్చునేది కాదు. "నడుం పట్టేసింది, నిలబడితేనే హాయిగా ఉంది" అనేది. ఇన్నేళ్లూ మేమంతా ఆ మాట నమ్మాం. ఈ హాలుకి కుర్చీలు ఎంచినవాళ్లెవరో గానీ, ఆ బాధ పడ్డవాళ్లే అయ్యుండాలి.

హైదరాబాదులో ఒక ఆసుపత్రి ఇది. బరువు తగ్గేందుకు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లూ, చేయించుకోబోయేవాళ్లూ నెలకోసారి, రెండో శనివారం పొద్దున ఇక్కడ కలుస్తారు. అక్కకి ఆపరేషన్ వేరేచోట అయింది. అయినా రమ్మన్నారు. ఎక్కడ చేయించుకున్నారని ఇక్కడెవరూ అడగరు.

నాలుగు నెలల కిందట ఆమెకి గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే కడుపును బాగా చిన్నది చేసి నేరుగా చిన్నపేగుకి కలిపే ఆపరేషన్, చేశారు. నలభై ఎనిమిదేళ్ల మనిషి, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువు చూసే కొలత) 41, పదకొండేళ్లుగా షుగర్. ఆపరేషన్ చక్కగా జరిగింది. షుగర్ మాత్రలు మూడింటి నుంచి ఒకటికి తగ్గించారు డాక్టరు. ఇంటికొచ్చాక మొదలైన కష్టానికే మా దగ్గర మందు లేకపోయింది. బంధువులందరికీ గాల్‌బ్లాడర్‌లో రాళ్లు తీశారని చెప్పాం. అసలు సంగతి తెలిస్తే, నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుందంటారని భయం.

ఆ భయం ఫలితం పిన్ని ఇంట్లో సీమంతం రోజున అనుభవించాం. రాళ్లు తీసిన మనిషి లడ్డూ తింటే ఏమవుతుందని పిన్ని చేతిలో పెట్టింది. వద్దంటే ఆవిడ మొహం చిన్నబోయింది. అక్క సగం తింది. పావుగంటలో ఒళ్లంతా చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం. వెనకగదిలో పడుకోబెట్టి తలుపు దగ్గరికి వేశాం. దీన్ని డంపింగ్ అంటారు. బైపాస్ అయినవాళ్లకి తీపి పదార్థం కడుపులో నిలవకుండా గబగబా చిన్నపేగులోకి దిగిపోతుంది. ఆ చక్కెర ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతుంది. ఇదంతా డాక్టరు ముందే చెప్పారు. ఆయన చెప్పనిదల్లా ఒకటే, పిన్నికి వద్దని ఎలా చెప్పాలో. అది తెలుసుకోవడానికే ఇక్కడికొచ్చాం.

కుర్చీల మధ్య ఒక బల్ల. దానిమీద అన్నప్రాశన నాటి గిన్నెలంత చిన్న స్టీలు గిన్నెలు, పిల్లల చెంచాలు, వారానికి ఏడు అరలున్న మాత్రల డబ్బా, ఒక ఇసుక గడియారం, దగ్గుమందు సీసాతో వచ్చే కొలత మూతలు ఓ డజను. బరువు చూసే మిషన్ మాత్రం ఎక్కడా లేదు. కావాలనే పెట్టలేదట.

సమావేశం నడిపేది వరంగల్‌కి చెందిన ఒక రిటైర్డ్ టీచరమ్మ. ఏడేళ్ల కిందట ఆవిడకీ బైపాస్ అయింది. కొలత మూత ఒకటి తీసి అందరికీ కనబడేలా పట్టుకున్నారు. "ఇగో, ఇది ముప్పై ఎమ్మెల్. బైపాస్ అయినోళ్లకు మొదట్ల కడుపంటే ఇంతే. స్లీవ్ అయినోళ్లకు, అంటే కడుపుల చానా భాగం కోసి తీసేసినోళ్లకు, ఇంకొంచెం ఎక్కువ, అరటిపండు అసొంటి గొట్టం మిగులుతది." కొత్తగా వచ్చినవాళ్లకి మూతల్లో మంచినీళ్లు పోసి ఇచ్చారు. నాకూ ఒకటి. నేను ఒక్క గుటకలో తాగేశాను. అక్క పెదవులు తడుపుకుంటూ, చప్పరిస్తూ తాగింది. ఆపరేషనైన కొత్తలో ఆ ముప్పై ఎమ్మెల్ నీళ్లకి పావుగంట పడుతుంది. నా ఖాళీ మూతనీ, అక్క చేతిలో ఇంకా సగం నిండుగా ఉన్న మూతనీ చూసుకున్నాక, ఈ నాలుగు నెలలూ "కాస్త తొందరగా కానీ అక్కా" అని నేను ఎన్నిసార్లు అన్నానో గుర్తొచ్చింది.

ఈ ఆపరేషన్ నిన్నమొన్నటిది కాదు. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్, ఇటో అనే ఇద్దరు సర్జన్లు గ్యాస్ట్రిక్ బైపాస్‌ మొదలుపెట్టారు. అల్సర్ కోసం కడుపులో కొంత భాగం తీయించుకున్న స్త్రీలు తిరిగి ఒళ్లు చేయకపోవడం మేసన్‌ను ఈ దారి పట్టించింది. చాలాకాలం పాటు బీఎంఐ 40 దాటినవాళ్లకీ, షుగర్, బీపీ లాంటివి ఉంటే 35 దాటినవాళ్లకీ చేయవచ్చన్న 1991 నాటి అమెరికా మార్గదర్శకాలే చాలాచోట్ల కొలమానం. 2022లో అంతర్జాతీయ వైద్య సంఘాలు ఆ గీతను కిందికి దించాయి. మన ఆసియావాళ్లకు తక్కువ బరువులోనే షుగర్ పట్టుకుంటుంది కాబట్టి, బీఎంఐ 27.5 దాటితే ఈ చికిత్స గురించి ఆలోచించవచ్చన్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం స్త్రీలు ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. వీళ్లలో ఆపరేషన్ దాకా వచ్చేది కొద్దిమందే. వచ్చిన ఆ కొద్దిమందీ ఇంటికెళ్లాక ఎవరితో మాట్లాడాలన్నదే నా బెంగ.

ఇక్కడి కట్టుబాట్లు మూడే. ఎవరు ఎన్ని కిలోలు తగ్గారని పోల్చుకోకూడదు. ఇక్కడి మాట ఎవరి పేరుతోనూ ఈ అంతస్తు మెట్లు దిగకూడదు. మూడోది టీచరమ్మ మాటల్లోనే చెప్పాలి: "మందుల సంగతి డాక్టరుకు, మనసు సంగతి మనకు." ఆసుపత్రి డైటీషియన్ కాస్త వెనగ్గా కూర్చుని వింటూంటుంది. ఎవరైనా తప్పు చెబితే తప్ప నోరు విప్పదు. ఆ రోజు ఒక్కసారే మాట్లాడింది, ఐరన్ మాత్రా క్యాల్షియం మాత్రా కలిపి మింగొద్దని, మధ్యలో కనీసం రెండు గంటల ఎడం ఉండాలని.

ముందుగా విజయవాడ నుంచి వచ్చిన ఒకాయన మాట్లాడారు. ఆటో విడిభాగాల షాపు ఉంది. ఆపరేషనై రెండేళ్లు. "ఇదివరకు మూడు పెగ్గులకి ఎక్కనిది ఇప్పుడు ఒక్కదానికే ఎక్కుతోందండీ. తిండి వదిలించుకున్నాననుకున్నాను. ఆ ఖాళీలోకి ఇది దూరింది." ఎవరూ తల తిప్పుకోలేదు, నీతులు చెప్పలేదు. ఇది ఆయన ఒక్కడి బలహీనత కాదు. బైపాస్ తర్వాత మద్యం రక్తంలోకి ఇదివరకటి కంటే వేగంగా చేరుతుంది. స్వీడన్‌లో 1987లో మొదలై దశాబ్దాల పాటు సాగిన అధ్యయనంలో, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో మరణాలు తగ్గాయి, కానీ మద్యంతో ఇబ్బందులు పెరిగాయి. ఆయన మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తున్నారు. దానితోపాటు రోజూ రాత్రి ఎనిమిదింటికి, షాపు షట్టరు దించే వేళకి, ఈ గదిలోనే పరిచయమైన ఒక పెద్దాయనకి ఫోన్ చేస్తారు. "ఏం మాట్లాడుకుంటారు?" అని అడిగాను. "ఏముందండీ, కూర ఏమిటి, వాన పడిందా... ఇంటికి చేరేదాకా లైన్లోనే ఉంటారాయన."

పక్కన ఓ సాఫ్ట్‌వేర్ అమ్మాయి. స్లీవ్ చేయించుకున్న రెండో నెలలో వరసగా వాంతులు. కొత్తలో ఇలాగే ఉంటుందిలే అని మూడు వారాలు ఓర్చుకుంది. తర్వాత అరికాళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. ఒక రాత్రి ఈ గుంపులోని ఒకావిడ యోగక్షేమాలకి ఫోన్ చేస్తే, మాటల్లో ఆ సంగతి బయటపడింది. "వాంతులు మామూలేనని ఎవరు చెప్పారే నీకు? లే, చెప్పులేసుకో, నేనొస్తున్నా" అని ఆవిడ ఆటోలో వచ్చి ఎమర్జెన్సీకి తీసుకెళ్లింది. బి1 విటమిన్ లోపం. ఒంట్లో ఈ విటమిన్ నిల్వ కొద్ది వారాలకే సరిపోతుంది. ఎడతెరిపి లేని వాంతులతో అదీ అయిపోతే నరాలు, ఆలస్యమైతే మెదడు కూడా దెబ్బతింటాయి. సమయానికి ఇంజెక్షన్లు పడ్డాయి కాబట్టి ఆ అమ్మాయి ఇవాళ చెప్పులు టకటకలాడిస్తూ నడిచి వచ్చింది. తీసుకెళ్లినావిడ డాక్టరూ కాదు, నర్సూ కాదు. తనకీ ఒకప్పుడు అదే ఆపరేషన్ అయింది, ఏది మామూలో ఏది కాదో ఒంటితో తెలుసుకుంది.

ఒకరు జుట్టు ఊడుతోందని కన్నీళ్లు పెట్టుకున్నారు. మూడో నెల నుంచి ఆరో నెల దాకా ఊడుతుంది, ప్రోటీన్ సరిగ్గా తీసుకుంటే మళ్లీ వస్తుందని నలుగురు తమ జడలు ముందుకు వేసుకుని చూపించారు. మరొకరి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. పాతవి తీసెయ్యాలంటే అత్తగారు ఒప్పుకోవడం లేదట.

చివర్లో టీచరమ్మ తన సంగతి చెప్పారు. ఆపరేషనైన నాలుగో ఏట భర్త పోయారు. "ఇంట్ల మాట్లాడే దిక్కు లేదు. పళ్లెమే నాకు తోడయింది. పదకొండు కిలోలు మళ్ల వెనుకకొచ్చినయ్. మొహం చూపియ్యలేక ఎనిమిది నెలలు ఈడికి రాలే." ఒక్క క్షణం ఆగారు. "తగ్గిన్నాడు ఎవరైనా వస్తరు బిడ్డా. పెరిగిన్నాడే రావాలె." గదిలో ఇద్దరు ముగ్గురు తలలు దించుకున్నారు. ఆ మాట ఎవరికి తగలాలో వాళ్లకి తగిలింది.

అప్పుడు అక్క గొంతు సవరించుకుంది. లడ్డూ సంగతంతా చెప్పింది, గాల్‌బ్లాడర్ అబద్ధంతో సహా. ఉపాయాలు నలువైపుల నుంచీ వచ్చాయి. ఇంటికెళ్లి తింటానని డబ్బాలో పెట్టించుకోమని ఒకరు. విస్తరి ముందు కూర్చోకుండా వడ్డనకి నిలబడమని ఒకరు. ముందే చిన్న గిన్నెలో నీదేదో నువ్వే పెట్టుకో, ఖాళీ చెయ్యి కనబడితేనే వడ్డిస్తారని ఇంకొకరు. టీచరమ్మ అన్నీ విన్నారు.

"పిన్నికి నిజం చెప్పెయ్ బిడ్డా. లడ్డు ఆమెకు ఒక సాకు. నీ పక్కన ఇంతసేపు కూసోవాలని ఆమె పానం. లడ్డు వద్దను, పిన్నిని వద్దనకు. 'పిన్నీ, తినలేను, జర నా పక్కన కూసో' అని చెయ్యి పట్టుకో."

మన ఇళ్లలో "తిన్నావా?" అన్నది పలకరింపు. మారు వడ్డించడం మర్యాద, వద్దనడం అలక. ముప్పై ఎమ్మెల్ కడుపుతో ఈ లోకంలోకి తిరిగొచ్చిన మనిషికి ప్రతి పండగా ఒక పరీక్షే. సర్జన్ కడుపును చిన్నది చేయగలడు. మన ఇంటి విస్తరిని చిన్నది చేయడం ఆయన చేతిలో లేదు. ఆ పని ఈ గది చేస్తోంది.

పదకొండున్నరకి అందరికీ తలా ఒక స్టీలు గిన్నెలో ఉడికించిన గుడ్డు సగం, రెండు చెంచాల పెసరపప్పు వచ్చాయి. గుడ్డు తిననివాళ్లకి పనీర్ ముక్కలు. పక్కన నీళ్లు లేవు. తినేటప్పుడు నీళ్లు తాగరు, తిన్నాక అరగంట ఆగుతారు. ముద్దకీ ముద్దకీ మధ్య ఇసుక గడియారం తిరగేస్తారు. ఇసుక జారేంతసేపూ కబుర్లు. అక్క గుడ్డు తెల్లసొనను చెంచా అంచుతో చిన్న ముక్కగా కోసి, నోట్లో పెట్టుకుని, నములుతూ పక్కావిడ మాట వింటోంది. నాలుగు నెలలుగా మా ఇంట్లో భోజనం అంటే మేమంతా ఆమె పళ్లెం వైపు చూడటమే. ఎంత తింది, ఎందుకు మిగిల్చింది అని. ఇక్కడ ఆమె పళ్లెం ఎవరూ చూడలేదు. ఇరవై నిమిషాల తర్వాత గిన్నెలో ఇంకా ఓ ముక్క మిగిలింది. నా చెయ్యి అలవాటుగా ముందుకు వెళ్లింది, "అది కూడా తినెయ్" అనడానికి. ఆపుకున్నాను.

ఇలాంటి సమావేశాలకి క్రమంగా వచ్చేవాళ్లు, రానివాళ్ల కంటే ఎక్కువ బరువు తగ్గినట్టు పలు అధ్యయనాల్లో కనిపించింది. వచ్చేవాళ్లు మొదటి నుంచీ శ్రద్ధ ఎక్కువున్నవాళ్లు కావచ్చు, నిజమే. కానీ ఆ రాత్రి ఆటోలో వెళ్లిన అమ్మాయి పాదాలను ఏ లెక్కలో వేస్తాం? అక్క డిశ్చార్జ్ కాగితాల్లో మాత్రల పేర్లున్నాయి, రక్తపరీక్షల తేదీలున్నాయి. మీలాంటివాళ్లు ఫలానా చోట కలుస్తారన్న ఒక్క వాక్యం లేదు. ఈ గది సంగతి మాకు ఒక మందుల షాపులో, పక్కన నిలబడి అవే విటమిన్లు కొంటున్న మనిషి చెప్పింది. ఈ ఆపరేషన్ చేసే ప్రతిచోటా ఇలాంటి గది ఉండాలి. డిశ్చార్జ్ కాగితంలో మందుల కంటే ముందు దాని తేదీ ఉండాలి. దానికయ్యే ఖర్చెంత, ఒక హాలు, చేతుల్లేని ఇరవై కుర్చీలు. ఒంగోలు నుంచి, నిజామాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి వచ్చినవాళ్లు ఆ రోజు ఉన్నారు. వాళ్ల ఊళ్లలో ఈ కుర్చీలు లేకనే కదా అంత దూరం రావడం.

బయల్దేరుతుంటే అక్క కనిపించలేదు. వెనక్కి చూస్తే, సమావేశమంతా మాట్లాడకుండా కూర్చున్న ఒంగోలు అమ్మాయి దగ్గర నిలబడి ఉంది. ఆ అమ్మాయికి వచ్చే బుధవారం ఆపరేషన్. పక్కన అత్తగారు ఒళ్లో సంచి పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ చూస్తోంది.

"ఇంటికెళ్లేటప్పుడు కారులో ఒక చిన్న దిండు పెట్టుకోండమ్మా" అంటోంది అక్క. "సీటు బెల్టుకీ పొట్టకీ మధ్య. స్పీడు బ్రేకర్లు వచ్చినప్పుడు రెండు చేతుల్తో అదిమి పట్టుకోండి, కుట్లు లాగవు. నాకెవరూ చెప్పలేదు. ఇంటికి చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను."

అత్తగారు సంచిలోంచి పెన్ను తీసి, బస్సు టికెట్టు వెనక రాసుకుంది. చిన్న దిండు. ఆ కింద అక్క ఫోన్ నంబరు.