మా నాయనమ్మ రెండు పేర్లు

మా నాయనమ్మకు రెండు పేర్లుండేవి. గుడి రిజిస్టర్లో బైబిలు పేరు, రేషన్ కార్డులో ఊరి దేవత పేరు. అందరి నాయనమ్మలకూ అంతేనని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి.

ఒంగోలు దగ్గర పల్లె మాది. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మావాళ్లకు పని చూపించడం, 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకోవడం చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. ఆ గుంపులో వాళ్ల తాత ఉన్నాడని నాయనమ్మ చెప్పేది. నిజమో కాదో గానీ, మా వైపు ఏ ముసలమ్మను అడిగినా వాళ్ల తాత అందులో ఉంటాడు.

ఆమె మా సంఘంలో డీకన్. ఆడమనిషి డీకనేంటని మొదట్లో కొందరు పెద్దలు గొణిగారట. బల్ల ఆరాధన రోజున ఆమె చేతి పళ్లెంలోంచి తీసుకోకుండా, పక్కాయన పళ్లెం వచ్చేదాకా ఆగినవాళ్లున్నారు. "తీసుకోకపోతే మానె, ద్రాక్షరసం మిగిలింది" అని నవ్వేది. అలా ఆగినవాళ్లలో ఒకాయన మంచాన పడితే నెలల తరబడి జావ కాచి తీసుకెళ్లింది ఆమే. ఆయన తాగాడు కూడా.

ఆమె దృష్టిలో డీకన్ పనంటే బల్ల కన్నా బియ్యం. అన్నం వండే ముందు ప్రతి ఇంట్లో పిడికెడు బియ్యం డబ్బాలోకి తీసిపెట్టాలి. ఆదివారం ఆ డబ్బాలన్నీ గుళ్లో ఉన్న గోతంలోకి. అది అయ్యగారింటికి పోవడం రివాజు. నాయనమ్మ పట్టుబట్టి అందులో సగం పక్కకు తీయించేది. బాలింతలకు, కూలి దొరకని ఇళ్లకు, చావు జరిగిన ఇంటికి. 1977 నవంబర్ 19 ఉప్పెన దివిసీమను ముంచేసినప్పుడు మా పల్లె నుంచి రెండు గోతాలు వెళ్లాయి. ఎవరికెన్ని సోలలు ఇచ్చిందో నోటుబుక్కులో గీతలు గీసుకునేది. చదువు రాదు, ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. మా ఇంటి గుర్తు వేపచెట్టు.

"ఏంది పెద్దమ్మా, గుడికి రానోళ్లకి కూడా పోస్తన్నావంట?" అని ఒకాయన నిలదీస్తే, "ఆకలికి బాప్తిస్మం ఎవరిచ్చార్రా?" అందట.

మా నాన్న టీచరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులు ఎస్సీలు కారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మమ్మల్ని చేర్చలేదు. మాకు బీసీ-సీ కింద ఒక్క శాతం. గుడికెళ్లామని ఊరి హోటల్లో మా గ్లాసు మారలేదు, సర్టిఫికెట్ మాత్రం మారాలట! నాన్న కాగితాల్లో 'హిందూ' అని రాయించింది నాయనమ్మే, డీకన్‌గా ఉంటూనే. అది ఆమెకు పాపమనిపించిందో లేదో నేనెప్పుడూ అడగలేదు. నా ఉద్యోగమూ అలాంటి కాగితం మీదే వచ్చింది.

తొంభై దాటాక, ఒక వానాకాలం తెల్లవారుజామున పోయింది. ఆదరణ కూడికకు కార్డు వేయించాలి. నాన్న ప్రెస్సులో చాలాసేపు కూర్చుని సిలువ గుర్తు వద్దన్నాడు. డీకన్ అనే మాటా వద్దన్నాడు. నా ఉద్యోగం కోసమే. నేను పక్కనే ఉన్నాను, ఏమీ అనలేదు. నలభై ఏళ్లు ఆమె మోసిన మాటను రెండు నిమిషాల్లో కొట్టేశాం.

కూడిక రోజున ఆడవాళ్లు ఒక్కొక్కరే డబ్బాలతో వచ్చారు. ఎవరూ చెప్పలేదు వాళ్లకి. అరుగు మీద గోతంలో పిడికెడు పిడికెడు పోసి వెళ్లారు. గుడికి రాని ఇళ్లవాళ్లు కూడా. నాన్న ఆమె నోటుబుక్కు తెచ్చాడు గానీ, ఏ గుర్తు ఏ ఇంటిదో తెలీక ఊరికే పట్టుకుని కూర్చున్నాడు.

సమాధి కట్టి రెండేళ్లయింది. రాతి పలక ఇంకా పెట్టలేదు. పేరు పంపమని రాయి చెక్కే అతను రెండుసార్లు ఫోన్ చేశాడు. ఈ వ్యాసంలో కూడా నేను ఆమె పేరు రాయలేదు, మీరు గమనించే ఉంటారు.