ఒక్క 'ఎస్' కోసం

క్రికెట్ కామెంటరీ వినే మిత్రులకు ఒక ప్రశ్న. 'ఇండియా ఆర్ టూ హండ్రెడ్ ఫర్ ఫైవ్' అంటాడు కామెంటేటరు. ఇండియా ఒక్కటే కదా, 'ఆర్' ఎలా వచ్చింది? ఎవరూ అడగరు. టీమంటే పదకొండుమంది గనుక బ్రిటిష్‌వాళ్ళు బహువచనం వాడతారు. అమెరికావాడు టీముకు 'ఈజ్' అంటాడు. ఇద్దరి మీదా ఎవరికీ నవ్వు రాదు.

నా రూమ్మేటు క్లాసులో ఒకసారి 'షి డోంట్ నో సార్' అన్నాడు. వెనక బెంచీలు ఘొల్లుమన్నాయి. మూడేళ్ళయింది, మళ్ళీ ఆ మనిషి క్లాసులో నోరు విప్పలేదు. లెక్కల్లో మా హాస్టలంతటికీ పాఠం చెప్పగలవాడు!

ఆ కోపంతోనే నేను లైబ్రరీలో కూర్చుని ఈ 'ఎస్' గారి పుట్టుపూర్వోత్తరాలు తిరగేశాను. ఒకప్పుడు ఇంగ్లండులో చదువుకున్న పెద్దమనుషులు సైతం మాటల్లో 'హి డోంట్' అనేవారట. నార్విచ్ నగరంలో జనం మాట్లాడే తీరు మీద పీటర్ ట్రడ్‌గిల్ 1974లో ఒక పుస్తకం అచ్చువేశాడు. అక్కడి శ్రామికుల ఇళ్ళల్లో 'షి గో' అనడం మామూలే. ఇక 'దేర్స్ టూ బుక్స్ ఆన్ ది టేబుల్' అని ఈనాటికీ ప్రొఫెసర్లూ అంటారు. కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం 'దేర్ ఆర్' అని దిద్దుకుంటారు.

'యు' కథ ఇంకా బాగుంది. అది మొదట బహువచనం. మర్యాదకోసం ఒక్కడికీ వాడారు, మన 'మీరు' లాగే. తర్వాత ఒక్కడే కదా అని చాలామంది 'యు వజ్' అనసాగారు. 1762లో రాబర్ట్ లౌత్ తన వ్యాకరణంలో అది తప్పన్నాడు. 'యు వర్' గెలిచింది. మనం మాత్రం ప్రిన్సిపాల్‌గారు ఒక్కరే వస్తున్నా 'వస్తున్నారు' అంటాం. పాలూ నీళ్ళూ మనకు బహువచనాలే, 'పాలు ఉన్నాయి' అంటాం. మనవాడెవడైనా 'మిల్క్ ఆర్' అన్నాడంటే అది బుర్రలేక కాదండీ, లోపల తెలుగు ఉండి.

పరీక్షలో 'షి డోంట్' రాయమని నేననడంలేదు. అప్లికేషనులో ఆ 'ఎస్' లేకపోతే ఉద్యోగమే పోవచ్చు, అది నేర్చుకు తీరవలసిందే. కానీ రాతకొక భాష, నోటికొక భాష ఉంటాయని మనకు ఇంకొకరు చెప్పాలా? జనం నోట పలికే తెలుగు బడిపుస్తకాల్లోకి రావాలని గిడుగు రామమూర్తి పంతులుగారు 1940లో కన్నుమూసేదాకా పోరాడారు. ఆయన పేరు చెప్పుకుని సభలు చేసే మనమే పక్కవాడి నోటి ఇంగ్లీషుకు పడిపడి నవ్వుతాం.

యూనియన్ వారికి నా మనవి ఒక్కటే. వచ్చే ఏడు ఇంగ్లీషు డిబేటింగు పెట్టినప్పుడు, 'ఎస్' మింగినవాడికి ఒక మార్కు కొయ్యండి, పరవాలేదు. హాల్లో నవ్వినవాడికి రెండు కొయ్యండి. నా రూమ్మేటు పేరు నేనే రాయిస్తాను.