మొక్కు లేని ప్రయాణం

మా అత్తమ్మ మేడారం ఎన్నిసార్లు పోయిందో ఆమెకే లెక్క లేదు. చిన్నప్పుడు ఎడ్లబండి మీద పోయింది, పెళ్లయిన కొత్తలో లారీలో పోయింది, తర్వాత జాతర బస్సుల్లో. రెండేళ్లకోసారి మాఘ పున్నమి దగ్గర పడుతుందంటే ఇంట్లో బెల్లం లెక్కలు మొదలవుతాయి. ఎవరి ఎత్తు బంగారం ఎవరు మొక్కుకున్నారు, ఎవరిది బాకీ ఉంది, ఇవే మాటలు. అదే తొవ్వలో, ములుగు దాటినాక జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరిగితే రామప్ప గుడి. అన్నిసార్లు పోయిన మనిషి ఒక్కసారి కూడా ఆ మలుపు తిరగలేదు.

ఎందుకని అడిగితే, "అక్కడ మనకు మొక్కు లేదు గద బిడ్డా" అన్నది.

నాకా మాట చాలా రోజులు మనసులో తిరిగింది. మా కాశిబుగ్గ ఇండ్లల్లో ఆడవాళ్ల ప్రయాణాలు తీసి చూడండి. జాతర, పెండ్లి, దినం, దవాఖాన, కాన్పుకు పోయిన బిడ్డ దగ్గర నెల రోజులు. ప్రతిదానికీ ఒక పని ఉంటుంది. ఊరికే చూడ్డానికి పోవడమనేది కాలేజీ పిల్లలది, కొత్తగా పెండ్లయినవాళ్లది. మా గల్లీలో ఒకరు వియత్నాం పోయొచ్చి అక్కడి కొండలు, జలపాతాల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టారు. అత్తమ్మ ఫోన్ కంటి దగ్గర పెట్టుకొని ఒక్కొక్కటే చూసింది. "గీ గుట్టలు మన పస్ర దిక్కు గుట్టల లెక్కనే ఉన్నయి గద. దీనికి ఇమానం ఎక్కి పోవాల్నా?" అని ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

ఫోన్ కంటి దగ్గర పెట్టుకొని అన్నాను కదా. ఆమెకు నీటికాసులు. కంటిలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. మనకు తెలిసేసరికి కొంత చూపు పోయే ఉంటుంది, పోయింది తిరిగి రాదు. పొద్దున, రాత్రి వేసే చుక్కలన్నీ ఉన్నది కాపాడుకోవడానికే. ఎడమ కన్ను దాదాపు పోయింది. కుడి కంటికి పక్కల నుంచి చూపు తగ్గుతూ, గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో మిగిలింది. ఇది బయటివాళ్లకు అర్థం కాదు. కాళ్ల ముందున్న మెట్టు కనబడదు, పక్కన నిలబడ్డ మనిషి కనబడడు. కానీ నాకు చేతకాకపోతే సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది ఆమెనే. "అంతా నాటకం" అన్న చుట్టాలు కూడా ఉన్నారు. ఇంకో మాట, ఇది ఇంట్లో ఒకరికి ఉంటే వాళ్ల పిల్లలకు, తోబుట్టువులకు వచ్చే అవకాశం ఎక్కువ. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. మేము మా ఆయనకు, ఆడబిడ్డకు కూడా పరీక్ష చేయించాం.

నిరుడు జనవరిలో కంటి పరీక్ష చేసి వచ్చేటప్పుడు ఆటోలో కూర్చొని, ఎవరితోనో అన్నట్టుగా, "రామప్పల బొమ్మలు మంచిగుంటయంటరు. కండ్లు వొయినంక పోతే ఏం లాభం" అన్నది. ఇరవై రెండేండ్లలో ఆమె నన్ను అడిగిన మొదటి కోరిక అది. అడిగిందని కూడా అనలేం.

ఇంట్లో చెప్తే మా ఆయన ఒప్పుకోలేదు. "సక్కగ కనబడని మనిషిని గుట్టలల్లకు, రాళ్లల్లకు తీస్కపోతవా? ఏమన్నయితే?" అన్నాడు. ఆయన భయం తప్పు కాదు. కరీంనగర్ నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసింది. "వదినా, మా అమ్మ కింద పడితే తుంటి ఎముక ఇరుగుతది. మంచంల పడితే చేసేది నువ్వే. ఆలోచించుకో" అన్నది. ఆమె కోపంగా అనలేదు. నిజమే చెప్పింది, అందుకే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోడలు తీసుకుపోయి పడేసిందన్న మాట ఒకటి పుడితే అది మనతోపాటే కాటి దాకా వస్తుంది. మీకు చెప్పాల్సిన పని లేదు.

పొద్దున అత్తమ్మనే తేల్చేసింది. "ఇంట్ల కూడ బాత్రూంల రెండుసార్లు వడ్డ. పడేటోళ్లు ఏడున్నా పడ్తరు."

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, ఇంటర్ చదివే మా బిడ్డను వెంటబెట్టుకొని, తెలిసిన పిల్లవాడి కారు మాట్లాడుకొని బయల్దేరాం. ములుగు దాకా ఎక్స్‌ప్రెస్ బస్సులో మనకు టికెట్టు లేదు, ఆధార్ చూపిస్తే చాలు. కానీ లోపలి ఊళ్లకు ఆటోలు మారడం ఈమెతో కష్టమని కారు పెట్టుకున్నాను. ఎనుమాముల మార్కెట్ ముందు మిరపకాయ బండ్లు బారులు తీరి ఉన్నాయి. అద్దాలు ఎత్తినా ఘాటు ఆగలేదు, నలుగురం తుమ్ముకుంటూ ఊరు దాటాం. ములుగు పొలిమేరలో గట్టమ్మ తల్లి దగ్గర ఆగమన్నది అత్తమ్మ. మేడారం పోయేవాళ్లు ముందు ఆ తల్లికి మొక్కిపోతారు. మనం మేడారం పోవట్లేదు కదా అన్నాను. "ఎటు వొయినా చెప్పి పోవాలె" అని కొబ్బరికాయ కొట్టించింది. జంగాలపల్లి దగ్గర కారు ఎడమకు తిరిగినప్పుడు అద్దంలోంచి ఆ మలుపును తల మొత్తం తిప్పి చూసింది.

రామప్ప గురించి మీరు చదివే ఉంటారు. కాకతీయ గణపతిదేవుని కాలంలో రేచర్ల రుద్రుడు కట్టించాడు, 1213 నాటి శాసనం ఉంది. పాలంపేట ఊళ్లో ఉన్న రుద్రేశ్వరాలయం ఇది. చెక్కిన శిల్పి పేరు రామప్ప అని, ఆ పేరే గుడికి నిలిచిందని చెప్తారు. 2021 జూలైలో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లల్లో తేలేంత తేలిక. పునాదిలో ఇసుక నింపి పైన కట్టారట. ఇవన్నీ మా బిడ్డ ఫోన్‌లో చూసి చదువుతుంటే అత్తమ్మ ఊఁ కొట్టింది కానీ, ఆమె ధ్యాసంతా కాళ్ల కింద ఉంది.

నా భయం కూడా అక్కడే ఉంది. గుడి ఎత్తైన అరుగు మీద ఉంటుంది, మెట్లెక్కాలి. లోపల మండపంలో నేల అక్కడక్కడ కుంగి ఎగుడుదిగుడుగా ఉంది, పైగా చీకటి. చూపు తక్కువున్నవాళ్లను తీసుకుపోయేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. వాళ్ల చెయ్యి పట్టుకొని గుంజకండి, మీ మోచెయ్యి పైన వాళ్లనే పట్టుకోనివ్వండి. ఒక అడుగు ముందు మీరు నడవండి. మీ ఒంటి కదలికతోనే మెట్టు వచ్చిందని వాళ్లకు తెలుస్తుంది. ఎండలోంచి చీకట్లోకి పోయినప్పుడు రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి. పొద్దున్నే పోవడం మేలు, మధ్యాహ్నమైతే ఉత్త కాళ్లకు రాయి కాలుతుంది.

నేను గుడిని గుడిలాగే చూశాను. ఎర్రటి రాయి, నల్లటి బొమ్మలు, ఎంత పెద్దగుంది, ఎంత అందంగుంది, ఫొటో ఎక్కడ బాగొస్తుంది. అత్తమ్మకు అట్లా మొత్తం చూసే వీలు లేదు. ఒక్కసారికి ఒక్క జానెడు కనబడుతుంది. అందుకని గోడ చుట్టూ వరసగా చెక్కిన ఏనుగుల దగ్గర వంగి నిలబడి ఒక్కొక్క ఏనుగునే చూసింది. "ఇది తొండం మడిసింది, ఇది మడవలే" అంటూ పోతోంది. నేను అవన్నీ ఒకటే అచ్చు అనుకొని రెండు నిమిషాల్లో దాటేశాను. ఆమె వెనకాల నడిస్తే అరగంట పట్టింది.

లోపల నల్లరాతి స్తంభాల మీద చెక్కుడు పని చూపిస్తూ, సూది దూరేంత సన్నటి రంధ్రాలున్నాయని గైడు చెప్పాడు. మా బిడ్డకు కనబడలేదు, నాకు చూపిస్తే గానీ కనబడలేదు. అత్తమ్మ చూపిన చోటికి ముఖం తీసుకుపోయి, "ఆఁ, ఉన్నది. దీనికి ఏడో నంబర్ సూది కూడ లావైతది" అన్నది. ఇరవై ఏండ్లు జాకెట్లు కుట్టి సంసారం ఈదిన మనిషి. గైడు నవ్వి, తర్వాత నుంచి ప్రతిదీ ఆమెకే చెప్పడం మొదలుపెట్టాడు.

చూరు కింద వంగి ఉండే మదనికల దగ్గర మాత్రం కష్టమైంది. అవి ఎత్తులో ఉంటాయి. తల వెనక్కి వాల్చి, నా భుజానికి ఆనుకొని, నిదానంగా ఒక్కొక్క బొమ్మను కింద నుంచి పైకి చూసింది. ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పుల్లాంటివి ఉన్నాయి. "ఎనిమిది వందల ఏండ్ల కింద గిట్ల తొడిగిండ్రా? మీ అత్త మీద పడ్డదే ఈమె" అని మా బిడ్డతో అన్నది. ఆడబిడ్డకు హైహీల్స్ పిచ్చి. ఈ బొమ్మల భంగిమలను, జాయప సేనాని రాసిన నృత్తరత్నావళిని దగ్గర పెట్టుకొనే నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టారని గైడు చెప్తుంటే, అత్తమ్మ బొమ్మ నడుము వంపు మీద నుంచి చూపు తిప్పకుండా, "ఈ చీర కుచ్చిళ్లు ఎట్ల నిలబడ్డయో సూడు, రాయిల" అన్నది.

దేవునికి దండం పెట్టుకొని బయటికొచ్చాక అడిగాను, ఏమన్నా మొక్కుకున్నారా అని. లేదన్నది. "మేడారంల సూసేదేం లేదు బిడ్డా. బొమ్మ లేదు, గుడి లేదు. గద్దె. చిలకలగుట్ట మీద నుంచి తల్లి వస్తది, మనం మొక్కుతం. గా జనంల కండ్లు ముయ్యంగనే తల్లి ముంగటున్నట్టనిపిస్తది. ఈడ కండ్లు తెరిసే ఉండాలె."

లక్నవరం అదే రోజు పోయాం. ఎక్కువ చెప్పను. అదీ కాకతీయులు కట్టిన చెరువే. చుట్టూ గుట్టలు, మధ్యలో దీవులు, వేలాడే వంతెన. వంతెన ఊగుతుంది కాబట్టి అత్తమ్మ సగం దాకా వచ్చి ఇక చాలన్నది. సెలవు రోజుల్లో పోకండి, ఫొటోలు దిగేవాళ్లతో నడవడానికి సందు ఉండదు. అక్కడ ఒడ్డున కూర్చొని తెచ్చుకున్న పులిహోర తిన్నాం. ఎవరికీ వడ్డించకుండా, గిన్నెలోంచే ముగ్గురం.

బొగత సంగతి వేరు. అది సెప్టెంబరులో, బతుకమ్మకు వారం ముందు. ఈసారి మా ఆయన కూడా వస్తానన్నాడు. ఎండాకాలం పోయి లాభం లేదు, జలపాతం వానలకే బాగుంటుంది. అట్లని భారీ వానల్లో పోతే నీటి ఉధృతికి లోపలికి పోనివ్వరు. బయల్దేరే ముందు అక్కడ అనుమతిస్తున్నారా లేదా కనుక్కోండి. ములుగు, గోవిందరావుపేట, పస్ర, తాడ్వాయి దాటితే రోడ్డుకు రెండు వైపులా అడవి. 2024 ఆగస్టు చివర్లో ఒక్కసారిగా వచ్చిన గాలివానకు మేడారం దిక్కు అడవిలో వేల చెట్లు కూకటివేళ్లతో పడిపోయాయని డ్రైవరు చెప్తే అత్తమ్మ చేతులు జోడించింది. ఏటూరునాగారం దాటి ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన ఎక్కాం. వానాకాలం గోదావరి ఎర్రగా, అంచు కనబడకుండా ఉంది. ఆ అవతల వాజేడు మండలం, చీకుపల్లి వాగు. ఆ వాగు నీళ్లే బొగత.

కారు దిగగానే చప్పుడు వినబడింది. అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకొని ఆ చప్పుడు దిక్కే నడిచింది. నేల తడిగా, పాచి పట్టి ఉంది. మా ఆయన ముందు నడుస్తూ "అమ్మా రాయి, అమ్మా నీళ్లు" అని ప్రతి అడుగుకూ అరుస్తున్నాడు. ఆమె విసుక్కొని, "నువ్వు సప్పుడు జెయ్యకు, అది ఇననియ్యి" అన్నది.

అక్కడ ఏనుగులను చూసినట్టు చూడ్డానికి లేదు. అంత వెడల్పున నీళ్లు పడుతుంటే ఆమె కంటికి అందేది ఒక ముక్క. ఎడమ చివర నుంచి మొదలుపెట్టి, తల మెల్లగా తిప్పుకుంటూ కుడి చివర దాకా వచ్చింది. మళ్లీ వెనక్కి. ఎన్నిసార్లు అట్లా తిప్పిందో నేను లెక్కపెట్టలేదు. మధ్యలో ఆగి, "మొత్తం కనబడ్తలేదే" అన్నది. నాకేం మాట్లాడాలో తెలియలేదు. మా ఆయన ఆమె వెనక నిలబడి, రెండు భుజాలు పట్టుకొని, "ఇంకా అటు ఉన్నదమ్మా. అక్కడ పెద్ద బండ మీద నుంచి దుంకుతున్నది. ఇప్పుడు ఇటు చూడు, ఇక్కడ సన్నగ, దారాల లెక్క" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మనిషికి అన్ని మాటలు వచ్చని నాకు తెలియదు. తుంపరలు ముఖం మీద పడుతుంటే ఆమె తుడుచుకోలేదు. కంట్లో చుక్కల టైమైందని నేను గుర్తు చేస్తే, "ఆగు" అన్నది.

ఆడవాళ్లకు అవసరమైన సంగతులు కూడా చెప్తాను. ఒక జత బట్టలు తప్పకుండా పట్టుకుపోండి, దూరంగా నిలబడ్డా తడుస్తారు. నీళ్లల్లోకి దిగొద్దని బోర్డు ఉంటే దిగకండి, పిల్లలను అసలే దింపకండి. పొద్దున ఇల్లు వదిలితే చీకటి పడే వేళకు తిరిగి వస్తాం కాబట్టి దారిలో టాయిలెట్ ఎక్కడుందో ముందే చూసుకోండి. ములుగు దాటాక మంచివి దొరకడం కష్టం. ఊళ్లల్లో పెట్రోలు బంకులే దిక్కు.

తిరిగొచ్చేటప్పుడు గోవిందరావుపేట దగ్గర చేన్ల గట్ల మీద గునుగు పూలు విరగబూసి ఉన్నాయి. కారు ఆపి కోసుకున్నాం. బతుకమ్మ రోజు ఆడబిడ్డ కూడా వచ్చింది. అత్తమ్మ కింద కూర్చొని, కొసలు రంగులద్దిన గునుగు కట్టలను వేళ్లతో తడుముతూ వరసలు పేరుస్తోంది, ఒక్క పువ్వు కూడా పక్కకు జరగలేదు. ఆడబిడ్డ తంగేడు అందిస్తూ, "ఎట్లున్నదమ్మా బొగత?" అని అడిగింది.

"నన్నేమడుగుతవ్, నీ అన్ననడుగు. మొత్తం ఆయననే సూసిండు" అని నవ్వింది. తర్వాత మా బిడ్డ దిక్కు తిరిగి, మంగపేట దగ్గర మల్లూరు నరసింహస్వామి గుట్టకు మెట్లెన్నో ఫోన్‌లో చూడమన్నది.