నలభై గుర్రాలు చాలలేదు

"మెకానికల్ ఎందుకు తీసుకున్నావ్?" అని అడిగితే మనలో సగం మంది ర్యాంకు చెప్తారు. నేను మాత్రం మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఉండే తెల్ల మారుతి 800 వల్ల అని చెప్పేవాణ్ణి. వినడానికి బాగుంటుంది కదా! నిజానికి నాదీ ర్యాంకే. కానీ ఆ కారు సంగతి మాత్రం అబద్ధం కాదు.

అది తాతయ్య సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి. తాతయ్య పోయాక నాన్న చేతికి వచ్చింది. నాన్న ముప్పై ఏళ్ళు ఆర్టీసీ డిపో గ్యారేజీలో బస్సుల కింద పడుకుని పనిచేసిన మనిషి. రిటైరయ్యాక ఆయనకి మిగిలిన ఒకే ఒక్క పేషెంటు ఈ 800. నేను సెకండియర్ అయిపోయి సెలవులకి తెనాలి దగ్గర మా ఊరు వెళ్ళేసరికి దాని సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోంది. నాన్న ఆ పొగ వంక ఒక్కసారి చూసి, "బోరుకొచ్చింది రా" అన్నాడు. అంటే సిలిండర్లు అరిగిపోయి ఆయిల్ పైకెక్కి కాలుతోందని. బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్లు వేయించాలి.

అప్పటికి నా దగ్గర రెండు బ్యాక్‌లాగులు, ఫోన్ నిండా ఇంజన్ మార్పిడి వీడియోలు ఉన్నాయి. "బోరింగ్ ఎందుకు నాన్నా? జెన్ ఇంజన్ పెట్టేద్దాం" అన్నాను.

ఇక్కడ కొంచెం లెక్క. 800లో ఉండేది మూడు సిలిండర్ల ఇంజన్. బోరు 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 72. ఫస్టియర్ వాళ్ళు కూడా వేసి చూసుకోవచ్చు, 796 సీసీ వస్తుంది. పాత జెన్‌లో ఉండేది నాలుగు సిలిండర్లది. బోరు 72, స్ట్రోకు 61. అంటే 993 సీసీ. మొదటిది దాదాపు 40 గుర్రాలు, రెండోది 50. స్ట్రోకు పొట్టిది కాబట్టి జెన్ ఇంజన్ హాయిగా పైపైకి తిరుగుతుంది. రెండూ బానెట్ కింద అడ్డంగా కూర్చునేవే, రెండూ ముందు చక్రాల్నే తిప్పేవే. కార్బురేటర్ మోడల్ అయితే కంప్యూటర్ గొడవ కూడా లేదు. కాగితం మీద ఇంతకన్నా సులువైన పని లేదనిపించింది.

నాన్న అంతా విని రెండే అడిగాడు. "ఆర్సీ సంగతేంటి? బ్రేకుల సంగతేంటి?"

"తర్వాత చూద్దాం నాన్నా" అన్నాను. రెంటికీ అదే సమాధానం.

ఆయన ఇంకేం వాదించలేదు. మర్నాడు నాతో విజయవాడ ఆటోనగర్ వచ్చాడు. నాలుగు షాపులు తిరిగి, ఓ ఇంజన్ పుల్లీ బోల్టుకి పానా వేసి చేత్తో తిప్పి చూసి, ఆయిల్ మూత తీసి వాసన చూసి, గేర్‌బాక్స్‌తో సహా బేరం చేశాడు. బిల్లు అడిగి మరీ రాయించుకున్నాడు. నేను ఆ బిల్లుని పట్టించుకోలేదు. ఆటోలో ఇంజన్ పక్కన కూర్చుని స్టేటస్‌లో ఫోటో పెట్టుకునే పనిలో ఉన్నాను.

పాత ఇంజన్ దించడానికి మా ఊళ్ళో బోరు మోటార్లు పైకి లాగేవాళ్ళ దగ్గర ముక్కాలి, చైన్ పుల్లీ అద్దెకి తెచ్చాం. పక్కింటి బాబాయి గొలుసు లాగాడు. దించడం ఒక్క పూటలో అయిపోయింది. ఎక్కించడానికి ఇరవై రోజులు పట్టింది.

వీడియోల్లో చెప్పనిది అక్కడే తెలిసింది. ఇంజన్ కొనడం అసలు పనే కాదు. నాలుగో సిలిండర్ ఉన్నంత పొడుగూ ఎక్కడో అక్కడ పట్టాలి. పాత మౌంటింగులకి కొత్త ఇంజన్ చెవులు కలవలేదు. అట్టముక్క మీద కొలతలు గీసి, వెల్డింగ్ షాపులో బ్రాకెట్లు చేయించాం. మొదటి జత నేను గీసిన కొలతలతో చేయించాం, ఇంజన్ ఒక పక్కకి వాలిపోయింది. రెండో జత నాన్న కొలిచాడు, టేపుతో కాదు, దారంతో! యాక్సిళ్ళు ఇంకో కథ. లోపలి చివర జెన్ గేర్‌బాక్స్‌లో కూర్చోవాలి, బయటి చివర 800 చక్రంలో కూర్చోవాలి. రెండు బళ్ళ జాయింట్లూ విప్పి కలపాల్సి వచ్చింది. యాక్సిల్ కోసి మధ్యలో వెల్డింగ్ చేద్దామని ఒకాయన సలహా ఇస్తే నాన్న ఆ మాట పూర్తి కానివ్వలేదు. తర్వాత గేర్ రాడ్డు, క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, సైలెన్సర్ పైపు. ఒక్కటీ దానంతటది కలవలేదు. ఇంధనంలో ఉన్న శక్తిలో దాదాపు మూడో వంతు కూలింగ్ నీళ్ళలోకే పోతుందని మనం హీట్ బ్యాలెన్స్ షీటులో రాసి మార్కులు తెచ్చుకుంటాం. (నేను తెచ్చుకోలేదు, అది వేరే విషయం.) పాత రేడియేటర్‌తో పది నిమిషాల్లో బుసబుసమని నీళ్ళు పైకి తన్నుకొచ్చేసరికి ఆ మూడో వంతు ఎంతో అర్థమైంది. జెన్ రేడియేటర్ తెచ్చి, ముందు రేకు కోసి పెట్టాం.

ఈ ఇరవై రోజుల్లో నాన్న బ్రేకుల మాట మళ్ళీ రెండుసార్లు ఎత్తాడు. మా 800కి బూస్టర్ లేదు. కాలి బలమే బ్రేకు. "ముందు స్టార్టవనీ నాన్నా" అన్నాను.

స్టార్టయింది. ఆ రోజు సాయంత్రం ఆ ఇంజన్ సన్నగా, వణుకు లేకుండా తిరుగుతుంటే, అమ్మ కూడా చేతిలో గరిటెతో బయటికొచ్చి నిలబడింది. నాకు ప్రపంచంలో ఏ సబ్జెక్టూ మిగల్లేదనిపించింది. "కాలవ గట్టు దాకా వెళ్ళొస్తా" అన్నాను. ఆర్సీలో ఒక ఇంజన్ నంబరు, బండిలో ఇంకో ఇంజన్ నంబరు. రోడ్డెక్కకూడదని తెలుసు. గొప్పగా చెప్పుకోవడానికి రాయట్లేదు ఇది, చేసిన తప్పు చెప్తున్నాను. నాన్న చెప్పులేసుకుని వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

గట్టు రోడ్డు మీద నాలుగో గేరు వేశాను. అరిగిన పాత ఇంజన్ ఆ దారిలో 50 దాటాలంటే మూలిగేది. ఇది చూస్తుండగానే 75 చూపించింది. నేను నవ్వుతూ నాన్న వైపు తిరిగాను. ఆయన నవ్వట్లేదు, రోడ్డు వంకే చూస్తున్నాడు.

మలుపు తిరగ్గానే గేదెలు. వాటి వెనక కర్ర పట్టుకుని ఒక ముసలాయన. బ్రేకు తొక్కాను. పెడల్ రాయిలా ఉంది. బండి తగ్గుతోంది, కానీ చాలినంత తగ్గట్లేదు. సీట్లోంచి లేచి రెండు కాళ్ళతో తొక్కాను. అప్పుడు వెనక చక్రాలు పట్టుకున్నట్టయి, బండి కొంచెం పక్కకి జారి, ఆగింది. ఆ ముసలాయనకీ మా బంపర్‌కీ మధ్య ఒక బారెడు దూరం ఉందేమో. ఆయన మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. గేదెల్ని అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

కిందికి చూస్తే నాన్న చెయ్యి హ్యాండ్ బ్రేక్ మీద ఉంది. ఒక్కసారిగా గుంజెయ్యలేదు, బటన్ నొక్కిపట్టుకుని కొంచెం కొంచెంగా లాగాడు. చక్రాలు పూర్తిగా బిగుసుకుపోతే బండి గింగిరాలు తిరిగి కాలవలో పడేది.

వచ్చేటప్పుడు ఆయనే నడిపాడు, 30లో. ఇంటికొచ్చాక ఒకే మాట అన్నాడు. "ఇంజన్ మార్చావు. బండిని మార్చలేదు."

రాత్రి నిద్రపట్టక లెక్క వేశాను. 50 నుంచి 75 అంటే వేగం ఒకటిన్నర రెట్లు. బ్రేకులు మింగాల్సిన శక్తి రెండుంపావు రెట్లు. ఇంటర్‌లో నేర్చుకున్న ఫార్ములా అది. ఇన్నేళ్ళూ ఆ బ్రేకులు సరిపోయాయంటే వాటి గొప్ప కాదు, నీరసంగా ఉన్న ఇంజన్ వాటిని ఎప్పుడూ పరీక్ష పెట్టలేదు, అంతే.

పొద్దున్నే నాన్నని అడిగాను, "హ్యాండ్ బ్రేక్ మీద చెయ్యి ఎప్పుడు వేశావ్?"

"గేటు దాటినప్పుడు."

"బ్రేకులు చాలవని తెలిసి ఎందుకొచ్చావ్ మరి?"

"నువ్వు ఎలాగూ వెళ్తావు. ఒక్కడివే వెళ్తే అక్కడ చెయ్యి వేసేదెవరు?"

దానికి నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు.

ఆ తర్వాత వారం బూస్టర్, జెన్ బ్రేకులు వేద్దామని లిస్టు రాశాను. ఈసారి ఆర్సీ సంగతి కూడా ముందే కనుక్కున్నాను. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఇంజన్ పాడైతే అదే రకం ఇంజన్ ముందుగా అనుమతి తీసుకుని వేసుకోవచ్చు. 800లో 1000 సీసీ ఇంజన్ అలాంటిది కాదు. నిజంగానే ఏదైనా జరిగి ఉంటే ఇన్సూరెన్స్ వాళ్ళ ముందు మేం ఏం చెప్పుకునేవాళ్ళం? ఆ ముసలాయన ఇంట్లోవాళ్ళకి ఏం చెప్పుకునేవాళ్ళం? వీడియోల్లో ఈ భాగం ఉండదు.

ముక్కాలి మళ్ళీ అద్దెకి తెచ్చాం. పాత ఇంజన్‌కి నాన్న మొదట చెప్పినట్టే బోరింగ్ చేయించి ఎక్కించాం. పాత మౌంటింగుల మీద అది తన కుర్చీలో తాను కూర్చున్నట్టు కూర్చుంది. నాన్న రాయించుకున్న ఆ బిల్లు చూపించి జెన్ ఇంజన్‌ని ఆటోనగర్లోనే తిరిగి అమ్మేశాను. నాలుగు వేలు పోయాయి. బ్రేకులు మాత్రం మొత్తం కొత్తవి వేయించాం. ఈసారి అడిగింది నేను.

బోరింగ్ నుంచి వచ్చిన రోజు నాన్న అన్నాడు, "అర మిల్లీమీటరు ఓవర్‌సైజ్ పిస్టన్లు వేశాడు రా. లెక్క వెయ్యి."

బోరు 69, స్ట్రోకు 72, మూడు సిలిండర్లు. నోటుబుక్కు వెనక పేజీలో వేశాను. 808 సీసీ దగ్గరకి వచ్చింది.

"మొత్తానికి పెద్ద ఇంజనే పెట్టించావు కదా" అన్నాడు నాన్న, చేతులు తుడుచుకుంటూ. "పన్నెండు సీసీ."