తిననిదాన్ని పట్టొద్దు

మా నాన్నకు చేపల విషయంలో ఒకే ఒక నియమం ఉండేది: తిననిదాన్ని పట్టొద్దు. మూసీ ఒడ్డు పల్లె నుంచి బతుకుతెరువు కోసం నాంపల్లి వచ్చి స్థిరపడ్డ మనిషి ఆయన. సెలవు దొరికితే హిమాయత్‌సాగర్ గట్టుకు వెళ్ళేవాడు. వెదురు కర్ర, జొన్నబెండు, డబ్బాలో తడిమట్టి, అందులో ఎర్రలు. ఇంటిల్లిపాదికీ ఆ పూటకు సరిపడా చేపలు పడ్డాయనుకుంటే కర్ర పైకి తీసేసేవాడు. పక్కవాళ్ళ బెండ్లు మునుగుతూనే ఉండేవి. ఆయన బీడీ వెలిగించుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చునేవాడు. ఆకలికీ గాలానికీ నడుమ ఉన్న ఆ ఒప్పందం నాకు ఎంత సహజంగా కనిపించేదంటే, దాని వెనక ఇంకేమైనా ఉందా అని ఆలోచించే అవసరమే రాలేదు.

ఆ అవసరం తెచ్చినవాడు మా అక్క కొడుకు. అమెరికాలో, రోడ్ ఐలాండ్‌లో ఉద్యోగం. డిసెంబరు సెలవులకు వచ్చినప్పుడు ఒక ఆదివారం నాతో ఆబిడ్స్‌కు వచ్చాడు. ఆదివారం అక్కడ దుకాణాల షట్టర్లు దిగి ఉంటాయి, వాటి ముందు పేవ్‌మెంటంతా పాత పుస్తకాలది. జీపీవో దగ్గర మొదలుపెట్టి మెల్లగా నడుస్తున్నాం. ఒక కుప్పలోంచి వాడు నలిగిన పేపర్‌బ్యాక్ ఒకటి తీశాడు. పైన ఈదుతున్న అమ్మాయి, కింద లోతులోంచి నోరు తెరిచి పైకి లేస్తున్న సొర. పీటర్ బెంచ్లీ 1974లో రాసిన ‘జాస్’. మరుసటి ఏడాది స్పీల్‌బర్గ్ తీసిన సినిమాతో లోకమంతా సొరచేపంటే హడలిపోయిన కథ.

“మామా, ఇసొంటిది గాదు గని, సొరను నేనూ పట్టిన” అన్నాడు వాడు.

నాంపల్లి స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో కూర్చున్నాక ఫోనులో వీడియో చూపించాడు. ముదురు నీలం వీపు, తెల్లటి పొట్ట, సన్నగా సాగిన ఒళ్ళు, రెండు పక్కలా చాచిన పొడవాటి ఈతరెక్కలు. దాన్ని నీలి సొర అంటారట. పడవ పక్కన నీళ్ళలోనే అది మెలి తిరుగుతోంది. ఒకతను వంగి, పొడుగు పిడి ఉన్న పనిముట్టుతో దాని దవడ మూలనున్న గాలం తప్పించాడు. తోక ఒక్కసారి విదిలించి అది లోతుకు దిగిపోయింది. పడవలో అందరూ కేకలు వేశారు. ఆ కేకల్లో మావాడి గొంతూ ఉంది.

“తినవా?” అన్నాను.

“లేదు మామా.”

“అమ్ముతరా?”

“లేదు.”

“మరి ఇడిసిపెట్టేదానికి పట్టుడెందుకురా?”

వాడు వెంటనే జవాబివ్వలేదు. కప్పులో చాయ్ అయిపోయేదాకా ఆగి, “పట్టకపోతే అదొకటి ఉన్నదని నాకు ఎట్ల ఎర్కయితుండె మామా?” అన్నాడు.

ఆ మాట నాకు నచ్చలేదు. ఒక ప్రాణిని తెలుసుకోవడానికి దాని దవడలో ఇనుము దిగాలా? ఆకలి లేని వేటకు తెలివైన సాకు దొరికిందనిపించింది. నాన్న ఉంటే మనవడి మాటకు ఏమనేవాడో ఊహించుకున్నాను. ఇంటికి నడుస్తుంటే మాత్రం నా ప్రశ్న నావైపే తిరగడం మొదలుపెట్టింది. దానికి మేం నడుస్తున్న దారే కారణం. ఎగ్జిబిషన్ గ్రౌండు గోడ పక్కనుంచి వెళ్తున్నాం. ఏటా జూన్‌లో మృగశిర కార్తె వచ్చిందంటే ఆ మైదానంలో బత్తిని కుటుంబం వాళ్ళు ఉబ్బసానికి చేపమందు వేస్తారు. వేలమంది వరుసల్లో నిలబడతారు. మందు ముద్ద పెట్టిన కొర్రమీను పిల్లను బతికుండగానే గొంతులోకి జారవిడుస్తారు. అదే రోజు బేగంబజార్ చేపల మార్కెట్లో కాలు పెట్టే సందుండదు. మృగశిర నాడు చేప తినని ఇల్లు మా చుట్టుపక్కల తక్కువ. అక్కడ చేప సంగతి ఎవరూ అడగరు. ఊపిరాడని బిడ్డను ఎత్తుకుని దూరం నుంచి వచ్చిన తల్లిని ఆ ప్రశ్న అడగడానికి నాకూ నోరు రాదు. అంటే మనలో ప్రతివాళ్ళకూ చేప బాధ గుర్తొచ్చే చోట్లు కొన్ని, గుర్తురాని చోట్లు కొన్ని ఉన్నాయి. గుర్తొచ్చే చోటు తరచుగా పక్కవాడి పడవే అవుతుందేమో.

వాడు తిరిగి వెళ్ళిపోయాక సొరలను సరదాకు పట్టే ఆ ఆట గురించి దొరికినంత చదివాను. చరిత్ర ముచ్చటైనదేమీ కాదు. న్యూయార్క్ దగ్గర మాంటాక్ రేవులో 1950లలో ఫ్రాంక్ మండస్ అనే పడవ యజమాని డబ్బు తీసుకుని జనాన్ని సొరల వేటకు తీసుకెళ్ళేవాడు. దానికి ‘రాక్షసుల వేట’ అని పేరు పెట్టాడు. ‘జాస్’లోని మొరటు వేటగాడికి నమూనా అతడేనంటారు. ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్‌లో లూ అనే చిన్న రేవు ఉంది. అక్కడ 1953లోనే సొరలకు గాలం వేసేవాళ్ళ క్లబ్బు వెలిసింది. చల్లటి నీళ్ళు, ఒడ్డు కనిపించని దూరం, చేపల ముక్కలూ నూనే కలిపిన ముద్దను కొద్దికొద్దిగా నీళ్ళలో వదులుతూ వాసన పాయ పరచడం, గంటలు గంటలు ఎదురుచూడటం. ఆ రోజుల్లో పట్టినదాన్ని రేవుకు తెచ్చి తూచేవారు, వేలాడదీసి పక్కన నిలబడి ఫోటో దిగేవారు. తర్వాత ఆ కళేబరాన్ని ఏం చేయాలో ఎవరికీ తెలిసేది కాదు. నాన్న నియమం నూటికి నూరుపాళ్ళు వర్తించే చోటు ఏదైనా ఉందంటే, అది ఆ రేవే.

ఆ మనుషుల్లోంచే ఇంకొకటి పుట్టింది. 1962లో అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్త జాక్ కేసీ ఈ సరదా వేటగాళ్ళనే సాయం అడిగాడు: పట్టినదాన్ని చంపకండి, వీపు రెక్క దగ్గర చిన్న ట్యాగు గుచ్చి వదిలేయండి, ఒక కార్డు మీద ఏ సొర, ఎంత పొడవు, ఎక్కడ, ఏ తేదీ అని రాసి పంపండి. మళ్ళీ ఎవరి వలలోనైనా, గాలానికైనా అది పడితే తెలియజేయమని ట్యాగులోని చీటీ మీద వేర్వేరు భాషల్లో రాసి ఉండేది. అమెరికా తీరాన ట్యాగు వేసిన నీలి సొరలు అట్లాంటిక్ అవతల ఐరోపా, ఆఫ్రికా వైపు దొరికాయి. అవి ఏ తీరపు ఆస్తీ కావనీ, మహాసముద్రమంతా తిరిగే జాతి అనీ ఆ కార్డుల వల్లే అంత రూఢిగా తెలిసింది. ఆ కార్యక్రమం ఇప్పుడు నడిచేది రోడ్ ఐలాండ్‌లోని నరగాన్సెట్ నుంచే. మావాడు పడవ ఎక్కిన రేవుకు దగ్గర. “ఎట్ల ఎర్కయితుండె” అన్న వాడి మాటలో నేను వినకుండా వదిలేసిన సగం అక్కడ ఉంది.

అయినా వదలడం అంటే తేలికైన పని కాదని కూడా ఆ చదువే చెప్పింది. నీలి సొర, మాకో లాంటి సొరలు కదులుతూ ఉంటేనే మొప్పల్లోంచి నీళ్ళు పారి ఊపిరి ఆడుతుంది. ఎక్కువసేపు లాగి అలసటపెడితే ఒంట్లో ఆమ్లం పేరుకుంటుంది. కళ్ళ ముందు ఈదుకుంటూ వెళ్ళిన సొర లోతులో చచ్చిపోవచ్చు. ఫోటో కోసం పడవలోకి ఎక్కిస్తే, నీటి ఆసరా లేక దాని బరువే దాని లోపలి అవయవాలను నలిపేస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు బలమైన సరంజామా వాడి తొందరగా దగ్గరకు తెస్తారు, నీళ్ళలోంచి పైకి ఎత్తరు. గాలం ఆకారం కూడా ముఖ్యమే. మా నాన్న వాడిన కొక్కెం లాంటిదైతే సొర మింగినప్పుడు కడుపులో గుచ్చుకుంటుంది. మొన వెనక్కు వంగిన గుండ్రటి గాలమైతే గొంతులోంచి జారి దవడ మూలన ఆగుతుంది. అది కూడా తుప్పు పట్టే ఇనుముతో చేసినది కావాలి, తెంపాల్సి వచ్చినా కొన్నాళ్ళకు రాలిపోయేలా. అట్లాంటిక్‌లో రోడ్ ఐలాండ్ తీరం మీద సొరలకు గాలం వేసేవాళ్ళు అలాంటిదే వాడాలని 2018 నుంచి నిబంధన ఉంది. వదిలిన తర్వాత ఏమయిందో వదిలినవాడికి కనిపించదు. కనుక వాడి శ్రద్ధ అంతా వదలడానికి ముందే, ఇంకా చెప్పాలంటే పడవ ఎక్కడానికి ముందే ఖర్చు కావాలి. వీడియోలో నాకు కనిపించిన చివరి క్షణం అన్నిటికంటే చిన్నది.

ఇదంతా తెలిశాక కూడా నాన్న మాట పక్కకు పోలేదు. దాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పి చూశాను. చివరికి ఆ మాట పుట్టిన నీళ్ళను చూడాలనిపించింది. మన చెరువులో తొలకరి పడగానే చేపలు ఎదురెక్కుతాయి. బొచ్చె, రవ్వ లాంటివి ఒక్కో తల్లి లక్షల గుడ్లు పెడుతుంది. చెరువు ఎండినా మళ్ళీ నిండుతుంది, నిండితే మళ్ళీ చేపలే. అలాంటి నీళ్ళ పక్కన పుట్టిన మనిషి, తినేంత పట్టు, మిగతాది వదిలెయ్ అంటే అది సరిపోయే న్యాయం. పిల్లల్లో చాలా భాగం ఎలాగూ పోతాయి. మన పళ్ళెంలోకి వచ్చినవి ఆ లెక్కలో కలిసిపోతాయి.

చల్లటి సముద్రపు సొర బతుకు అలాంటిది కాదు. ఆ నీళ్ళలో బతకడానికి మాకో, పోర్‌బీగల్ తమ ఒంటిని చుట్టూ ఉన్న నీటికంటే వెచ్చగా ఉంచుకుంటాయి. చేపల్లో అది అరుదైన శక్తి. దానికి మూల్యం అన్నట్టుగా నిదానంగా పెరుగుతాయి. పోర్‌బీగల్ ఆడది ఈనడానికి పదమూడేళ్ళ వయసు దాకా ఆగాలి, ఈతకు నాలుగు పిల్లలు. మాకో ఆడదానికి ఇంకా ఎక్కువ ఏళ్ళు పడుతుంది, గర్భం ఏడాది దాటి మోస్తుంది. నీలి సొర కొంచెం నయం, ఒక్కో ఈతకు పదుల సంఖ్యలో పిల్లల్ని కంటుంది. మహాసముద్రాల్లో తిరిగే సొరలూ టేకి చేపలూ 1970 తర్వాతి అర్ధ శతాబ్దంలో 71 శాతం తగ్గాయని 2021లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఆ తగ్గుదలకు ప్రధాన కారణం సరదా గాలాలు కావు, పెద్ద నౌకల వేట. కానీ తగ్గిపోయాక ప్రతి గాలమూ లెక్కలోకి వస్తుంది. ఉత్తర అట్లాంటిక్‌లో మాకోను ఒడ్డుకు తేవడాన్ని అమెరికా 2022 జూలైలో పూర్తిగా ఆపేసింది, తినడానికైనా సరే.

తిననిదాన్ని పట్టొద్దన్న నియమాన్ని ఆ నీళ్ళకు తీసుకెళితే, తింటాను కాబట్టి పడతాను అనేవాడికి దారి తెరుచుకుంటుంది. పదమూడేళ్ళు ఆగి తల్లి అయ్యే ప్రాణిని ఒక పూట కూర చేసి, నీతి తప్పలేదనుకోవచ్చు. మా నాన్న అలా అనుకునే మనిషి కాదు. ఆయన చెయ్యి ఆగింది పళ్ళెం నిండినందుకేనా, నీళ్ళలో ఏం మిగలాలో తెలిసినందుకా అని ఇన్నేళ్ళ తర్వాత అడుగుతున్నాను. రెండోదే అయి ఉంటుందని నమ్ముతున్నాను. చెరువు సంగతి ఆయనకు తెలుసు. సముద్రం సంగతి తెలిస్తే ఆ నియమాన్ని ఆయనే వేరేగా చెప్పి ఉండేవాడు.

ఒక్క సందేహం మాత్రం తీరలేదు, తీరిందని చెప్పను. పడవలో ఆ కేకలు. వదలడంలో ఎంత శ్రద్ధ ఉన్నా, పట్టడంలో ఉన్నది సంతోషం. ఒక ప్రాణి ప్రాణభయంతో పెనుగులాడుతుంటే మనకు కలిగే సంతోషానికి, దానివల్ల వచ్చిన జ్ఞానం జవాబు అవుతుందా? వదలడం ఇంకోలా కూడా జరుగుతుంది. గుజరాత్ తీరంలో వేల్ షార్క్ వలలో పడితే, అక్కడి జాలర్లు తమ వలను తామే కోసి దాన్ని వదిలేస్తున్నారు. 2001లో దాని వేటను చట్టం నిషేధించింది. 2004లో రామకథ చెప్పే మొరారీ బాపు దాన్ని పుట్టింటికి వచ్చే ఆడపడుచుతో పోల్చి చెప్పాక ఊళ్ళు కదిలాయి. కోసిన వలకు అటవీశాఖ పరిహారం ఇస్తుంది కానీ, ఆ రోజు వేట పోయినట్టే. ఆ తీరంలోని వెరావల్ పడవల మీద మన శ్రీకాకుళం జిల్లా నుంచి వలస వెళ్ళినవాళ్ళు పనిచేస్తారు. వాళ్ళ పడవలో సరదాకు చోటు లేదు. బతుకు మీద కోత పెట్టుకుని వదిలే చెయ్యి ఒకటి, సరదాగా పట్టి శ్రద్ధగా వదిలే చెయ్యి ఒకటి. నీళ్ళలోకి వెళ్ళిపోయిన సొరకు రెండూ ఒకటే కావచ్చు. మనకు ఒకటేనా? నాకు మొదటిదాని మీదే గౌరవం ఎక్కువ. అలాగని రెండోదాన్ని తోసిపుచ్చే ధైర్యం ఇప్పుడు లేదు.

మొన్న ఫోన్ చేసినప్పుడు మావాణ్ని గాలం గురించి, పడవవాళ్ళు సొరను పైకి ఎత్తుతారా అన్నదాని గురించి అడిగాను. వాడు ఆశ్చర్యపోయాడు. అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పాడు, తెలియనివి పడవ యజమానిని అడిగి చెప్తానన్నాడు. తర్వాత, “జులైల వస్తవా మామా? పడవెక్కుతవా?” అన్నాడు.

వస్తానన్నాను. కర్ర పట్టుకోనని కూడా చెప్పాను.

“మరి ఊకె కూసుంటవా?”

“ట్యాగేసినంక కార్డు రాసుడుంటది గద. అది నాకియ్యి” అన్నాను.